టీక్యా చెప్పిన పులి

కాటారం అడవిలోకి పులి వచ్చిందని నాకు మొదట చెప్పింది మా ఆవిడ. ఆమెకు చెప్పింది ఫోను. ఫోనుకు ఎవరు చెప్పారని అడిగితే మొహం చిట్లించి, పేపర్లో రాసేది నువ్వా నేనా అంది. అదీ నిజమే. కాటారంలో మా పత్రికకు విలేఖరిని నేనే. ప్రభాకర్ అంటే ఎవరికీ తెలియకపోవచ్చు గానీ, పేపరాయన అంటే బస్టాండులో టీ కాచేవాడు కూడా ఇల్లు చూపిస్తాడు.

వీడియోలో పులి తారురోడ్డు దాటుతోంది. ఏ తొందరా లేదు దానికి. కింద "మన కాటారం రోడ్డే, జాగ్రత్త" అని రాసి, దండం పెడుతున్న చేతుల బొమ్మలు వరసగా అతికించారు. మధ్యాహ్నానికల్లా నేనున్న ప్రతి గ్రూపులోనూ అదే పులి అదే రోడ్డు దాటింది. పంపినవాళ్లను పట్టుకుని అడిగాను. చూసినవాడు ఒక్కడూ లేడు, అందరూ పక్కవాడి వైపు వేలు చూపించేవాళ్లే. ఇలాంటివి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అంగట్లో వంకాయ కొనేటప్పుడు ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూసే మనుషులు, ఫోనులో వచ్చినదాన్ని మాత్రం పుచ్చో మంచో చూడకుండా సంచిలో వేసుకుంటారు.

ఆ సాయంత్రమే యమున ఫోన్ చేసింది. ఊరికి అవతల, అడవి అంచున ఉన్న తండాలో ఆమె ఇల్లు. మొగుడు హైదరాబాదులో సెంట్రింగు పనికి పోయాడు. అత్త సక్రి, మామ టీక్యా, యమున, ఇంతే ఇంట్లో. పత్తి ఏరే ఆడవాళ్లను జమచేసి చేలకు తీసుకుపోయే మేస్త్రీ ఆమె. వాళ్ల సొంత పత్తి చేను కూడా అడవిని ఆనుకునే ఉంది. పోయినేడు తండా బోరింగు చెడిపోతే నేను రాసిన వార్తకు ఎవరో వచ్చి బాగుచేసిపోయారు. అప్పటినుంచి నేనేదో కలెక్టరుతో రోజూ చాయ్ తాగుతానని ఆమె నమ్మకం.

"అన్నా, పులి ఉన్నదా, లేదా? గదొక్కటి చెప్పు," అంది.

కనుక్కుని చెబుతానన్నాను. ఆమె బాధ నాకు తెలుసు. పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది, మొగులు పడుతోంది. నాలుగు చినుకులు రాలితే దూది నల్లబడుతుంది, ఆ తర్వాత దాన్ని ముట్టుకునేవాడుండడు. పులి ఉందంటే కూలివాళ్లు రారు. లేదనుకుని వచ్చాక ఉందని తేలితే, తీసుకుపోయింది యమునే కాబట్టి ఆ ఉసురు ఆమెకే.

సరే, మొదట వీడియో సంగతి చూశాను. రోడ్డుకు రెండు వైపులా టేకు చెట్లు మోడులై ఉన్నాయి. ఇది కార్తీకం, మా టేకు ఆకులు ఇంకా విస్తళ్లంత ఉన్నాయి. అంటే ఎప్పటిదో ఎండాకాలపు పులి. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో మా పత్రికకే రాసే యుగేందర్‌కు పంపి, ఇదెప్పుడైనా చూశావా అని అడిగాను. అతను నవ్వు ఆపుకోలేకపోయాడు.

"గది పోయిన ఎండకాలం మా బయ్యారం గుట్టల పులి అని తిరిగిందే అన్నా. ఎక్కడిదో మాకు గూడ తెల్వది. దాని మీద మేం పేజీ నింపినం."

టీవీలో కింద అక్షరాలు పరుగెత్తుతున్నాయి, కాటారం మండలంలో పులి సంచారం, స్థానికుల ఆందోళన అని. ఆ స్థానికుడెవడా అని ఆరా తీస్తే, టీవీకి రాసే కుర్రాడు కూడా ఆ వీడియోనే చూశాడని తేలింది. అడవిశాఖ బీట్ ఆఫీసర్ కల్యాణ్‌ను అడిగితే పులీ లేదు గిలీ లేదు, ఎక్కడైనా అడుగులు కనబడితే అవి కుక్కవేనని కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు. పోయిన చలికాలం చిరుత విషయంలోనూ అలాగే లేదు లేదన్నాడు, అది మేకను ఈడ్చుకుపోయాక ఉందన్నాడు. అతని "లేదు" మీద నాకు సగం నమ్మకమే.

ఇంతలో టీక్యా ఆవు చచ్చిందని తెలిసింది. యమున మామే. ఈసారి గాలి కబురు కాదు కదా అని తండాకు పోయాను. టీక్యా మంచం మీద కూర్చుని ఉన్నాడు. తలపాగా, తెల్లటి మీసాలు, ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. వాళ్లింట్లో వాళ్ల లంబాడీ భాషే, నాతో మాత్రం తెలుగులో మాట్లాడతాడు. పులే పట్టిందన్నాడు. నువ్వు చూశావా అంటే చూసిన అన్నాడు. కళేబరం ఏదంటే వాసనొస్తోందని పూడ్చేశామన్నాడు. ఏ ప్రశ్న వేసినా ఇంటి కప్పు వైపు చూసే జవాబు చెప్పాడు. ఆవు పోయిన బాధలో ఉన్నాడనుకున్నాను.

అక్కడినుంచి వెంకట్రాం దగ్గరికి పోయాను. తండాకూ యమున చేనుకూ మధ్యలో ఉన్న వరిమడులన్నీ ఆయనవే. ఊళ్లో పెద్దరైతు, తండావాళ్లకు పటేలు, నలుగురిలో మాట చెల్లే మనిషి. ఆయన కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, పొద్దుగూకేవేళ మా కాలువలో పులి నీళ్లు తాగుతుంటే ఈ కండ్లతోని చూసిన అన్నాడు. ఎటువైపు పోయిందో కూడా చేత్తో చూపించాడు.

ఇదే నన్ను నమ్మించింది. ఎందుకంటే టీక్యాకూ వెంకట్రాంకూ మాటల్లేవు. టీక్యా పశువులు వరిలో పడ్డాయని ఒకసారి వెంకట్రాం వాటిని బందెలదొడ్డికి తోలించాడు. ఆ రోజు నుంచి టీక్యా ఆయన బోరు నీళ్లు గొంతులో పోసుకోలేదు, ఎండలో నాలుక పిడచకట్టినా సరే. ఒకరు రోడ్డుకు ఈ పక్కన పోతే రెండోవారు ఆ పక్కన పోతారు. వీళ్లిద్దరూ కూడబలుక్కుని అబద్ధమాడడం ఎక్కడైనా ఉంటుందా?

మా పేజీ దిద్దే సబ్ఎడిటర్ సాయికిరణ్‌ది జనగామ దగ్గర చిల్పూర్. జనగామలో అద్దె గదిలో కూర్చుని మూడు జిల్లాల వార్తలు చూస్తాడు. అడవిని ఎప్పుడైనా చూశాడో లేదో గానీ సూత్రాలు మాత్రం బాగా వల్లిస్తాడు. ఏ వార్తకైనా ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు చెప్పాలంటాడు. సంబంధం లేకపోవడమేంది తమ్మీ, ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇద్దరు చెప్పారన్నాను గర్వంగా. మర్నాడు పేపర్లో పడింది. కాటారం శివారులో పులి, ఆవుపై దాడి, భయంతో కూలీలు. నా పేరు కూడా వేశారు.

ఆ పొద్దున్నే యమున మా ఇంటికొచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, గడప బయటే నిలబడింది.

"పేపర్ల వడ్డదని కూలికి ఒక్కరు గూడ వస్తలేరు. నువ్వు చూసినవా అన్నా?"

చూసినవాళ్లు చెప్పారన్నాను. మీ మామే చెప్పాడన్నాను. మామ నాకైతే చెప్పలేదంది. అది అలగడం కాదు, వాళ్లింట్లో మామా కోడళ్లు నేరుగా మాట్లాడుకోరు. మామ ఎదుట పడితే కోడలు కొంగు మొహం మీదికి లాక్కుంటుంది. ఆయన చెప్పదలిచింది అత్తతో చెబుతాడు, అత్త కోడలికి చెబుతుంది. తండాలో చదువుకున్న పిల్లలు ఇప్పుడిదంతా వదిలేశారు గానీ, టీక్యా గడప లోపల ఇంకా నడుస్తోంది. యమున ఆ ఇంట్లో అడుగుపెట్టి పదేళ్లు దాటింది. మామ గొంతు వినడమే గానీ, తనను ఉద్దేశించి ఆయన ఒక్క మాట అనగా వినలేదట.

"రోజు పొద్దున లేస్తే అత్తతోని చెప్పిస్తున్నడు, చేన్లకు పోవద్దు, పులి ఉన్నది అని. ఎక్కడ చూసిండు, ఎంత దూరంల చూసిండు అని నేనెట్ల అడుగుదు? జర నువ్వడుగన్నా."

వచ్చింది, అడగాల్సింది అడిగింది, వెళ్లిపోయింది. నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. నేను రాసింది నాలుగు ఊళ్లవాళ్లు చదువుతారు. ఆమెకు మాత్రం అది రేపటి పని.

పొద్దువాలాక తండాకు బయల్దేరాను. ఆకాశం బూడిద రంగులో కిందికి దిగి ఉంది. టీక్యా అదే మంచం మీద ఉన్నాడు, సక్రి గింజలు చెరుగుతోంది. యమున కొంగు లాక్కుని పందిరి గుంజ పక్కన నిలబడింది. వాకిట్లో ఒక పెయ్య కట్టేసి ఉంది. ఎర్రటిది, నిగనిగలాడుతోంది, మెడలో కొత్త తాడు. ముందున్న గడ్డిని ముట్టలేదు. తాడు ఎంతవరకూ సాగితే అంతవరకూ పోయి, మెడ చాచి, వరిమడుల వైపే చూస్తోంది.

ఊరికే మాట కలపడానికి, ఈ పెయ్య ఎక్కడిదన్నాను. అంగట్ల కొన్న అన్నాడు టీక్యా. అదే క్షణంలో, మా అల్లుడు తోలిండు అంది సక్రి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సక్రి చేట కింద పెట్టి లోపలికి పోయింది.

అప్పుడే వెంకట్రాం పశువులు మేతనుంచి తండా పక్కగా తిరిగొస్తున్నాయి. మందలో ఒక ఎర్రావు ఆగిపోయింది. మా వైపు తిరిగి గట్టిగా అంబా అంది. పెయ్య బదులిచ్చింది. ఒకసారి కాదు, గుంజ ఊగిపోయేటట్టు లాగుతూ అరుస్తూనే ఉంది. కాపరి ఆ ఆవును కొట్టి ముందుకు తోలడానికి నానా తంటాలు పడ్డాడు. టీక్యా మాత్రం కప్పు వైపు చూస్తున్నాడు.

ఊళ్లో నేనడిగిన వాళ్లందరిలో ఎటూ మొగ్గని సాక్షి ఆ పెయ్య ఒక్కటే. దానికి పేపరుతో పని లేదు, టీక్యా పరువుతో పని లేదు, వెంకట్రాం పలుకుబడితో పని లేదు. తల్లి ఎక్కడుంటే అటు లాగుతోంది, అంతే. వెంకట్రాం కొట్టంలోని పెయ్య టీక్యా వాకిట్లో ఎందుకుంటుంది? బోరు నీళ్లు ముట్టని మనిషి ఆయన పెయ్యను కట్టేసుకున్నాడంటే, ఇద్దరికీ మధ్య ఎప్పుడో రాజీ కుదిరింది. నేను రెండనుకున్న సాక్ష్యాలు ఒక్కటే అన్నమాట. ఇద్దరూ కలిసి నన్ను నున్నగా బోల్తా కొట్టించారు. నా పేరుతో సహా అచ్చేశాను. చెవులదాకా వేడెక్కింది నాకు.

ఆ కోపంలో మిగతాది ఆలోచించలేదు. పులి పట్టకపోతే ఆవు ఎట్లా చచ్చిందనే ముక్క నా బుర్రలోకి రానే లేదు. యమున వైపు తిరిగి గట్టిగానే చెప్పాను.

"పులి లేదు, ఏం లేదు యమునా. నీ కూలోళ్లను పిలుచుకో, నిమ్మలంగ పత్తి ఏరుకో. పేపర్ల నేనే మళ్ల రాస్త."

ఆమె మొహం నాకు కనబడలేదు గానీ భుజాలు దిగాయి. వెంటనే ఫోను తీసి ఎవరికో తెల్లారేసరికి రమ్మని చెప్పింది. చూరులోంచి గోనెసంచి లాగింది. ఇంకా వెలుతురుంది, చేతికందినంత ఇప్పుడే ఏరుకొస్తానని అత్తకు వినబడేలా చెప్పి, వెంకట్రాం మడుల గట్టు వైపు నడిచింది. చేనుకు అదే దగ్గర దారి.

టీక్యా లేచి నిలబడ్డాడు. పోవద్దని చెప్పు అన్నాడు లోపలికి చూస్తూ. సక్రి గుమ్మంలోకి వచ్చి అదే మాట కోడలికి చెప్పింది. పులి లేదంటున్నడు గద పేపరన్న అని యమున వెనక్కి తిరగకుండానే అంది, అత్తతోనే. మళ్లీ చెప్పు అన్నాడు టీక్యా. సక్రి మళ్లీ చెప్పింది. యమున నడక ఆపలేదు. తండా చివరి ఇల్లు దాటింది.

టీక్యా పరుగెత్తాడు. ఆ వయసులో ఆయన అంత పరుగు తీయగలడని ఎవరూ అనుకోరు. తలపాగా ఊడి వాకిట్లో పడింది. గట్టు మొదట్లో ఆమెను దాటి ముందుకు పోయి, రెండు చేతులూ అడ్డంగా చాచి నిలబడ్డాడు. నేను వెనకే పరుగెత్తాను.

"యమునా," అన్నాడు.

యమున అక్కడే కొయ్యబారిపోయింది. మా వెనకే వచ్చిన సక్రి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాతదంతా ఆయన వాళ్ల భాషలోనే చెప్పాడు. నాకు ఆ భాష కొద్దిగా వచ్చు, మిగతాది తర్వాత సక్రి చెప్పింది.

"పులి లేదు బిడ్డా. తీగ ఉన్నది. పందులు వరి తింటున్నయని పటేలు గట్టెంబడి కరెంటు తీగ కట్టిండు. పొద్దుగూకంగనే కరెంటు వెడుతడు, తెల్లగ తెల్లారినంక గాని తియ్యడు. మన ఆవు గక్కడనే వడ్డది."

యమున చేతిలోంచి సంచి జారిపోయింది. కొంగు భుజం మీదికి జారింది, లాక్కోలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో మామ మొహంలోకి తేరిపార చూడడం ఆమెకు అదే మొదటిసారి అయి ఉంటుంది.

టీక్యా గుక్క తిప్పుకుని మిగతాది చెప్పాడు. పెయ్యనిస్తా, నా మీద కేసు రానియ్యకు అని వెంకట్రాం బతిమాలాడు. కోతలయ్యేదాకా వారం రోజులు ఓపిక పట్టమన్నాడు. టీక్యా సరేనని మాటిచ్చాడు. ఇచ్చాక గానీ, కోడలు పొద్దున్నే నడిచే దారి అదేనని తట్టలేదు. తీగ అని చెబితే మాట తప్పినట్టు, చెప్పకపోతే మనిషి పోయినట్టు.

"పులి అంటే పోవు గదా అనుకున్న," అన్నాడు. "గందుకే రోజు చెప్పిచ్చిన."

గట్టు మీద కూలబడ్డాను. వాళ్లిద్దరి అబద్ధాన్ని నేను మహా తెలివిగా పట్టుకున్నాను. ఆ అబద్ధం వెనక, అటు పోకు అనే ఒక్క నిజం ఉంది. ఆమె ప్రాణం పోకుండా అడ్డుగా ఉన్న ఆ పులిని నా నోటితో నేనే తీసేసి, నిమ్మలంగా పొమ్మన్నాను. ఇంకో పది బారల దూరంలో గట్టు పక్కన వరసగా పాతిన పుల్లలు కనిపిస్తున్నాయి. వాటి మీదుగా సాగిన తీగ ఆ మసక వెలుతురులో కనబడనే లేదు.

లైన్‌మన్‌కు ఫోన్ చేశాను. అతనొచ్చి ఫ్యూజు పీకేదాకా గట్టు మొదట్లోనే నిలబడ్డాం, అటు ఎవరూ పోకుండా. వెంకట్రాం వచ్చాడు. ఏంది ప్రభాకరన్నా గింత లొల్లి చేస్తున్నవ్ అని మొదట గద్దించాడు. టీక్యాను, అతని పక్కన మొహం మీద కొంగు లేకుండా నిలబడ్డ యమునను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. పోలీసులొచ్చి ఆయన్ను ఠాణాకు తీసుకుపోయారు. ఆ తర్వాత కేసు ఏమైందన్నది వేరే కథ.

ఇంటికొచ్చి వార్త పంపాను. పులి లేదు, విద్యుత్ తీగ తగిలే ఆవు మృతి. సాయికిరణ్ జనగామ నుంచి ఫోన్ చేశాడు. అతని సూత్రాలు అతనివి.

"తీగ తగిలే చచ్చిందని ఎవలు చెప్పిన్రన్నా?"

"టీక్యా."

"ఒక్కడేనా? గాయిన మొన్న పులి అన్నడు గదా. మొన్న అబద్ధం చెప్పినోని మాట ఇయ్యాల ఎట్ల నమ్మాలె?"

నిజంగా మంచి ప్రశ్నే. తీగను నేను చూశాను, పుల్లలు చూశాను, లైన్‌మన్ చూశాడు, అవన్నీ చెప్పాను. కానీ నేను నమ్మింది వాటి వల్ల కాదు. తీగను చూడకముందే, ఆ గట్టు మొదట్లోనే నమ్మాను.

"కోడలిని పేరు వెట్టి పిలిచిండు తమ్మీ," అన్నాను.

అంటే ఏందన్నా అన్నాడు సాయికిరణ్. చెప్పడం మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేశాను. తీగ ఫొటో పంపుతాలే అని ఫోన్ పెట్టేశాను.

తెల్లారి మొగులు ఇంకా నల్లబడి ఉంది, చినుకు మాత్రం పడలేదు. చూద్దామని బండి మీద పోయాను. పోలీసులు తీగ చుట్ట చుట్టి తీసుకుపోయారు. టీక్యా ఖాళీ చేతులతో వెంకట్రాం కొట్టం వైపునుంచి వస్తున్నాడు, పెయ్యను అక్కడ కట్టేసి. గట్టు మొదట్లో కూలి ఆడవాళ్లు ఆగిపోయి ఉన్నారు. తీగ తీసేశారని అందరికీ చెప్పారు, పేపర్లో కూడా పడింది, అయినా ఒక్కరూ కాలు ముందుకు వేయలేదు. టీక్యా చెప్పులు విడిచి, చేతిలో కర్ర కూడా లేకుండా గట్టు మీదికెక్కి, ఆ చివరి దాకా నడిచాడు. అక్కడ ఆగి ఇటు తిరిగి నిలబడ్డాడు.

యమున కొంగు మొహం మీదికి లాక్కుంది. సంచి నడుముకు కట్టుకుని, మామ అడుగులు పడిన చోటే అడుగులు వేస్తూ నడిచింది. మిగతావాళ్లు ఆమె వెనక నడిచారు.